సన్నని దేహము – వేడిమి వెల

వేడివేడి అన్నమును చంటిబిడ్డకు తినిపింపబోవు తల్లి, దానిని పళ్ళెములో ముద్దగా నుంచక, వ్రేళ్ళతో పలుచగా నెరపి, కొంత చల్లారిన పిమ్మట కలిపి పెట్టుట మన యిండ్లలో నిత్యము కనబడు దృశ్యము. అదే అన్నము గిన్నెలో కుప్పగా నున్నంతసేపు చాలకాలము వెచ్చగానే యుండును. పళ్ళెములో పరచిన పిడికెడు మాత్రము కొద్ది నిమిషములలో చల్లబడును. ఏ వస్తువైనను తనలోని వేడిని పైపొర గుండా మాత్రమే కోల్పోవలెను గనుక, లోపలి పదార్థమునకు పైపొర యెంత హెచ్చుగా నుండునో అంత త్వరగా అది చల్లారును. వస్తువు చిన్నదైనప్పుడు పైపొర పాలు పెరుగును. వస్తువు చిన్నది కాకున్నను, పలుచగానో పొడవుగానో సాగినదైనచో అప్పుడును పెరుగును. పరిమాణము, ఆకారము అను ఈ రెండు కారణములును వేరువేరని గుర్తుంచుకొనుట మనకు ముందు ముందు అవసరమగును.

ఈ సామాన్యసత్యమును మనస్సునందుంచుకొని మస్టెలిడే యను జంతుకుటుంబమును పరికించినచో ఒక చిక్కుప్రశ్న ఎదురగును. వీజిల్, స్టోట్, మింక్, మార్టెన్, బాడ్జర్, వుల్వరీన్, పలువిధములైన నీటికుక్కలు – ఇవి యన్నియు ఆ కుటుంబములోనివి. చిత్రపటములో వీజిల్‌ను చూచిన తెలుగువారు దానిని ముంగిసయని భ్రమించుట సహజమే. కాని ముంగిస పిల్లులకును, హైనాలకును దగ్గరి శాఖకు చెందినది, వీజిల్ కుక్కలు, ఎలుగుబంట్లు గల శాఖలోనిది. ఈ కుటుంబములో అతి చిన్నది ‘లీస్ట్ వీజిల్’ అనబడునది. ఉత్తరదేశపు ఆడువీజిల్ సుమారు 30 గ్రాముల బరువు మాత్రమే తూగును. మాంసాహారిగణ మంతటిలోను దానికంటె చిన్న జంతువు లేదు. అతి బరువైనది ఉత్తర పసిఫిక్ తీరములందలి సముద్రపు నీటికుక్క. దానిలో మగది 45 కిలోల వరకును పెరుగును. ఒకే కుటుంబములోని జీవుల నడుమ బరువులో వెయ్యి రెట్లకు మించిన అంతరము! అయినను ఉష్ణమాపకముతో కొలిచినచో, చిన్నదాని దేహోష్ణము 39 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునను, పెద్దదాని దేహోష్ణము 38 ప్రాంతమునను కనబడును. బరువు వెయ్యి రెట్లు మారగా వేడి ఒక్క డిగ్రీ మాత్రమే మారుట ఎట్లు సంభవించినది?

వేడి పుట్టుచోటు

క్షీరదముల దేహములో వేడిని పుట్టించుటకై ఏర్పడిన ప్రధానావయవ మొకటి లేదు. దాదాపు ప్రతి జీవకణములోను ఉండు మైటోకాండ్రియాలు ఆహారసారమును ప్రాణవాయువుతో కలిపి శక్తిని సంపాదించుచుండగా, ఆ శక్తిలో అధికభాగము పనికి రాక వేడిగా వెలువడును. జంతువు నిశ్చలముగా పరుండియున్నప్పుడు సైతము గుండె, కాలేయము, మూత్రపిండములు, మెదడు పనిచేయుచునే యుండును గనుక వేడియు పుట్టుచునే యుండును. దేహములోని రసాయన కార్యములను నడపు ఎంజైములు ఒక చిన్న ఉష్ణావధిలో మాత్రమే చక్కగా పనిచేయును. అందుచేత ఆ అవధిని దాటకుండుట చిన్న జంతువునకును పెద్ద జంతువునకును సమానముగానే అవసరము. కావున పరిమాణమునుబట్టి మారునది ఉష్ణోగ్రత కాదు. ఆ ఉష్ణోగ్రతను నిలుపుటకు వ్యయపడు ఆహారము.

ఈ కుటుంబపు సామాన్యోష్ణము మన దానికంటె కొంచెము హెచ్చు. ఈ కుటుంబములోనిదే యగు పెంపుడు ఫెరెట్‌కు 39 డిగ్రీలు ఆరోగ్యలక్షణము. మనకు అది జ్వరము. 1933లో లండన్ నగరమునందలి హాంప్‌స్టెడ్ పరిశోధనాలయములో విల్సన్ స్మిత్, క్రిస్టొఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు మానవుల ఇన్‌ఫ్లుయెంజాను ఫెరెట్‌లకు సోకించి, ఆ రోగమునకు కారణము వైరసని నిరూపించిరి. ఈనాటికిని ఆ వ్యాధిని గూర్చిన పరిశోధనలలో ఫెరెట్ ముఖ్యస్థానము వహించుచున్నది. దానికి జ్వరము వచ్చినదా లేదా యని నిర్ణయించువారు మొదట దాని సహజమైన వేడి యెంతయో ఎరిగియుండవలెను గదా!

చిన్న దేహములు గ్రాము ఒక్కింటికి హెచ్చు వేడిని పుట్టింపవలెనను ఊహ నూరేండ్లకు మించిన ప్రాచీనత గలది. 1847లో కార్ల్ బెర్గ్‌మన్ అను జర్మను పండితుడు, చలిదేశములలోని వెచ్చని నెత్తురు జంతువులు తమ దగ్గరి జాతులకంటె పెద్దవిగా నుండుటను ఇట్లే వివరించెను. 1883లో మాక్స్ రూబ్నర్ చిన్నవి, పెద్దవియగు కుక్కలను పరీక్షించి, చర్మపు వైశాల్యముతో లెక్కించినచో అన్నియు దాదాపు సమానముగానే వేడిని వెలువరించునని కనుగొనెను. 1932లో కాలిఫోర్నియాలో పనిచేయుచుండిన మాక్స్ క్లైబర్ అనేక జంతువుల కొలతలను చేర్చి చూచి, చర్మవైశాల్యపు లెక్క పూర్తిగా సరిపడదనియు, పెద్ద జంతువులు ఆ లెక్కకంటె కొంత హెచ్చుగానే వేడిని పుట్టించుననియు చూపెను. ఆ భేదమునకు కారణము ఏమన్న విషయమున పండితులు నేటికిని వాదించుచునే యున్నారు.

———
విడిగా ఒక లెక్క

అంగుళము పొడవు, వెడల్పు, ఎత్తు గల ఘనమును తీసికొనుడు. దాని ప్రతి కొలతను పదింతలు చేసినచో పైపొర నూరింతలగును. లోపలి పదార్థము వెయ్యింతలగును. కనుక 45 గ్రాముల జంతువును అదే ఆకారముతో 45 కిలోల వరకు పెంచినట్లు భావించినచో, పెద్దదానికి గ్రాము పదార్థమునకు వచ్చు చర్మము చిన్నదానిలో పదవవంతు మాత్రమే. క్లైబర్ సూత్రము ప్రకారము పెద్దది వెయ్యి రెట్లు వేడిని పుట్టింపనక్కరలేదు. సుమారు 178 రెట్లు చాలును. అనగా చిన్నదాని ప్రతి గ్రామును పెద్దదాని గ్రాముకంటె ఐదారు రెట్లు హెచ్చుగా శ్రమింపవలెను.

ఇక ఆకారము సంగతి. ఒక బంతిని అంతే పదార్థము గల గుండ్రని కడ్డీగా సాగదీసి, దాని పొడవును మందమునకు ఆరింతలు చేసినచో, పదార్థము పెరుగకయే పైపొర సగము హెచ్చును.
———

సన్నదనమునకు చెల్లించు మూల్యము

వీజిల్ విషయములో పై లెక్కలోని రెండు భాగములును ఒకేసారి దానికి ప్రతికూలమగుచున్నవి. అది చిన్నది, అంతటితో ఆగక సన్నది, పొడవైనది. అదే బరువుగల ఎలుక చలివేసినప్పుడు కాళ్ళు, తల, తోక లోనికి ముడుచుకొని బంతియగును. వీజిల్ ఎంత ముడుచుకొన్నను బంతి కాజాలదు. చుట్టుకొని పరుండిన దాని దేహము చదునైన బిళ్ళవలె మాత్రమే యగును. దాని రోమములు సైతము పొట్టివి. దట్టమైన పొడవాటి రోమములుండినచో అది తన జీవనమునకు ఆధారమైన ఇరుకు దారులలో దూరనేరదు.

ఈ సన్నదనమునకు ఎంత మూల్యము చెల్లించుచున్నదో 1972లో జేమ్స్ బ్రౌన్, రాబర్ట్ లాసివ్‌స్కీ అను అమెరికన్ శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. ఉత్తర అమెరికాలోని పొడవుతోక వీజిల్‌లను చలిలో నుంచి, అవి పీల్చు ప్రాణవాయువును లెక్కించి, అంతే బరువుగల సామాన్యాకారపు క్షీరదములతో పోల్చి చూడగా, వీజిల్ వ్యయించు శక్తి 50 నుండి 100 శాతము వరకు అధికమని తేలెను. ఈ కుటుంబమును గూర్చి వెలువడిన పరిశోధనలలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ఇదియే. ఏలయనగా వారు మూల్యమును కొలుచుటతో తృప్తిపడక, ఇంతటి నష్టమునకు ఓర్చి ఈ దేహమేల ఇట్లు నిలిచియున్నదను ప్రశ్నను ముందునకు తెచ్చిరి. అదే సంవత్సరము నార్వే శాస్త్రజ్ఞుడు ఐవర్సన్ ఈ కుటుంబములోని పలు జంతువుల విశ్రాంతికాలపు వ్యయమును కొలిచి, కిలోకు మించినవి సైతము తమ బరువునకు తగిన సామాన్యపు లెక్కకంటె ఇంచుమించు 20 శాతము అధికముగా వ్యయించునని ప్రకటించెను.

బ్రౌన్, లాసివ్‌స్కీలు వేసిన ప్రశ్నకు సమాధానము వోల్ అను పొట్టితోక ఎలుకజాతి త్రవ్వుకొను కలుగులలో నున్నది. నక్క వచ్చిన వోల్ కలుగులోనికి పారిపోవును. గ్రద్ద వచ్చినను అంతియే. వీజిల్ వచ్చినచో పారిపోవుటకు చోటు లేదు, అది వెంటనే లోనికి వచ్చును. తల దూరినచో దేహమంతయు దూరునంత సన్నదనము దానికి వేటలో పోటీలేని అధికారమును సంపాదించి పెట్టినది. చర్మము గుండా పోవు వేడికంటె ఆ అధికారము వలన లభించు ఆహారము హెచ్చుగా నున్నంతకాలము ఈ దేహనిర్మాణము లాభకరమే. ఆడుది మగదానిలో దాదాపు సగము బరువు మాత్రమే యుండుటయు ఈ విషయమునకే సంబంధించినది: ఆడుది మరింత ఇరుకైన కలుగులో దూరగలదు, దాని మొత్తము ఆహారమును తక్కువే గనుక, పిల్లల నొంటరిగా పెంచు దినములలో ఆ పొదుపు పాలుగా మారి పిల్లలకు దక్కును.

అయినను ఆ జీవితము ఎడతెగని ఆకలితో నిండినది. వీజిల్ దినమునకు తన బరువులో మూడవవంతు మాంసము తినవలెను. దాని కడుపు చిన్నది. ఒక్కసారి తిని దినమంతయు గడుపలేదు. కావున పగలును రాత్రియు కొంతసేపు వేటాడుట, తినుట, నిద్రించుట, మరల లేచుట దాని నిత్యక్రమము. కోళ్ళగూటిలో ప్రవేశించి తినగలిగినదానికి మించి చంపివేయునను అపకీర్తి దీనికి యూరప్ గ్రామములలో అనాదిగా నున్నది. దానిని క్రౌర్యమనుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. వేట దొరకిన వేళ చంపి దాచుకొనక, రేపటి వేటను నమ్ముకొనుటకు దానికి అవకాశము లేదు. కొన్ని పూటలు ఆహారము తప్పినచో దేహము చల్లబడి మరణించు జీవి యది. చంపిన వోల్ గూటినే తన గూడుగా చేసికొని, దాని రోమములనే పెరికి లోపల పరచుకొనుటయు వేడి కొరకే. దేహము మీద మోయలేని దట్టమైన రోమమును అది ఇట్లు ఇంటిలో సమకూర్చుకొనుచున్నది.

హిమము క్రింద

బెర్గ్‌మన్ చెప్పిన నియమము ప్రకారము ఉత్తరమునకు పోవుకొలది వీజిల్ పెద్దది కావలెను. వాస్తవము దీనికి విరుద్ధము. మధ్యధరా తీరములలోని లీస్ట్ వీజిల్ మగది 150 గ్రాములకు మించి పెరుగగా, ఘోరమైన శీతలము గల ఉత్తరారణ్యములలో నున్నది అందులో నాల్గవవంతో మూడవవంతో మాత్రమే యుండును. యూరప్‌లోని స్టోట్‌లు సైతము ఆ నియమమునకు లోబడవని స్వీడన్‌కు చెందిన సామ్ ఎర్లింగె 1987లో ప్రకటించిన వ్యాసములో చర్చించెను.

ఇందలి రహస్యము ఏమనగా, ఉత్తరదేశపు వీజిల్ మనమనుకొను చలిలో జీవించుటయే లేదు. దట్టముగా పేరుకొన్న హిమము వేడిని సులభముగా పోనీయదు. పైన గాలి సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోయినను, హిమమునకును నేలకును నడుమ నున్న సందులో ఉష్ణోగ్రత సున్నకు దగ్గరగా నిలిచియుండును. వోల్‌లు, లెమ్మింగ్‌లు ఆ సందులోనే దారులు చేసికొని గడ్డి వేళ్ళను తినుచు శీతకాలము గడుపును. ఆ దారులలో దూరగలిగిన వీజిల్‌కు ఆహారమును, గాలినుండి రక్షణయు ఒకే చోట లభించును. లావై అందు దూరలేని వీజిల్ రెండింటిని పోగొట్టుకొని పైనున్న గాలిలో నిలువవలసివచ్చును. వేడిని నిలుపుకొనుటకు పెద్ద దేహము మేలను సూత్రము అబద్ధము కాలేదు. అంతకంటె బలమైన మరొక అవసరము దానిని అధిగమించినది.

శీతకాలములో ఆహారవ్యయమును తగ్గించుకొనుటకు మరొక వింత యుపాయము గూడ ఈ కుటుంబములో కనబడుచున్నది. పోలండు శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ డేనెల్ 1949లో, ష్రూ అను చుంచువంటి చిన్న జంతువుల కపాలములు శీతకాలమున కుంచించుకొనిపోయి వసంతమున మరల పెరుగునని ప్రకటించెను. ఎముకయే తగ్గుట నమ్మశక్యముగా లేకున్నను తరువాతి వారు దానిని మరల మరల ధ్రువపరచిరి. 2017లో వీజిల్, స్టోట్ కపాలములను పరీక్షించినవారు అట్టి మార్పునే వీనిలోను కనుగొనిరి: మొదటి వేసవిలో మితిమీరి పెరిగిన కపాలము చలికాలము నాటికి చిన్నదగుచున్నది. మెదడు మిక్కిలి శక్తిని వ్యయించు అవయవము గనుక, దాని పరిమాణము తగ్గుట పొదుపునకే యని ఊహింపబడుచున్నది.

హిమకాలము తగ్గుచున్న ఈ దినములలో ఈ విషయములన్నియు కొత్త ప్రాముఖ్యము వహించుచున్నవి. పోలండులోని బియావొవియెజా అరణ్యమున చలికాలములో తెల్లబడు వీజిల్‌లును, గోధుమవర్ణముతోనే యుండు వీజిల్‌లును కలసి జీవించును. హిమము లేని నేల మీద తెల్లనివి శత్రువులకు సులభముగా కనబడి హెచ్చుగా నష్టపోవుచున్నవని 2018లో అక్కడి పరిశోధకులు చూపిరి. రంగు మాట పత్రికలలో విశేషముగా వచ్చినది. హిమము లోపించినచోట దాని క్రింది వెచ్చని సందుయు లోపించునను మాట అంతగా రాలేదు. నా దృష్టిలో ఈ రెండవది తక్కువ నష్టము కాదు.

కలుగును పెద్దదిగా చేయునది

ఇదే కుటుంబములోని బాడ్జర్ వేరొక మార్గమును పట్టినది. అదియు నేలలోని జంతువులనే వేటాడును. కాని వీజిల్ కలుగులోనికి దూరును, అమెరికన్ బాడ్జర్ కలుగునే త్రవ్వి తెరచును. దూరనక్కరలేని దేహము సన్నగా నుండనక్కరలేదు. వెడల్పై, బలిసి, శరత్కాలమున కొవ్వును కూడబెట్టుకొనవచ్చును. వీజిల్‌కు కొవ్వు ఆటంకము, బాడ్జర్‌కు కొవ్వు ఆధారము. పెద్ద దేహము గ్రాము ఒక్కింటికి తక్కువ వ్యయించును గనుక కూడబెట్టినది చాలదినములు వచ్చును.

అంతియే కాదు, బాడ్జర్ ఉష్ణోగ్రతనే తగ్గించుకొనగలదు. చలికాలమున బొరియలో పరుండిన అమెరికన్ బాడ్జర్ దేహోష్ణము సుమారు 9 డిగ్రీలు తగ్గుటను, గుండె కొట్టుకొనుట దాదాపు సగమగుటను, ఒక్కొక్క పర్యాయము ఆ స్థితి దినమునకు మించి సాగుటను హెన్రీ హార్లో 1981లో ప్రకటించెను. యూరప్ బాడ్జర్‌లోను శీతకాలపు తగ్గుదల కనుగొనబడినది. దేహపు వేడి మారరాని సంఖ్యయని మనము తలచుచుందుము. కొవ్వు నిలువయుండి, తిండికై పరుగెత్తవలసిన తొందర లేనప్పుడు అది దిగివచ్చునదియే.

నీటిలోని వెచ్చదనము

ఇక సముద్రపు నీటికుక్క. నేల మీదనైనచో 40 కిలోల దేహము చలికి వెరవనక్కరలేదు. కాని నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు వేగముగా వేడిని లాగుకొనిపోవును. తిమింగలములు, సీల్‌లు చర్మము క్రింద మందమైన కొవ్వుపొరను ధరించి ఈ బాధను తప్పించుకొన్నవి. సముద్రవాసులగు క్షీరదములలో మిక్కిలి చిన్నవానిలో నొకటియగు నీటికుక్కకు ఆ పొర లేదు. దానికున్నది రోమము. చదరపు సెంటిమీటరు చర్మము మీద ఒక లక్షకు పైబడిన రోమములు! మనుష్యుని తల మీది వెంట్రుకలన్నియు కలిపినను సుమారు లక్షయే. ఆ రోమముల నడుమ చిక్కుకొన్న గాలి నీటిని చర్మము వరకు రానీయదు. దినములో పెక్కు గంటలు అది రోమములను దువ్వుకొనుచు, నలుపుకొనుచు, గాలి నూదుచు గడుపుట ఈ గాలిపొరను నిలుపుటకే. ఆ రోమమే దానికి మృత్యువును తెచ్చినది. 1741 నాటి బేరింగ్ నావికాయాత్రలోని వారు దాని చర్మములను కొనితెచ్చినది మొదలు 1911 నాటి అంతర్జాతీయ ఒడంబడిక వరకును సాగిన వేటలో ఆ జాతి దాదాపు నశించినది. 1989లో అలాస్కా తీరమున ‘ఎక్సాన్ వాల్డెజ్’ నౌకనుండి చమురు ఒలికినప్పుడు, రోమములు చమురుతో తడిసి గాలిపొర నశించుటచేత అవి వేలకొలదిగా మరణించినవి.

రోమము మాత్రమే చాలదు. ఈ జంతువు విశ్రాంతిలో సైతము అంతే బరువుగల ఇతర క్షీరదములకంటె దాదాపు మూడింతలు శక్తిని వ్యయించును. దినమునకు తన బరువులో 20 నుండి 25 శాతము ఆహారము తినును. ఆ వేడి ఎక్కడ పుట్టుచున్నదను ప్రశ్నకు 2021లో ట్రేవర్ రైట్, ఆతని సహచరులు సమాధాన మిచ్చిరి. కండరములలోని మైటోకాండ్రియాలు ఆహారశక్తిలో కొంతభాగమును ఏ పనికిని వినియోగింపక, కేవలము వేడిగా జారవిడుచుచున్నవి. మునుగుట యింకను చేతకాక తల్లి రొమ్ముపై తేలియాడు పసికూనలలో సైతము ఈ జారుదల పెద్దవానితో సమానముగా నుండుట ఆశ్చర్యకరము: ఆ కండరము ఈదుటకు పూర్వమే వేడిని పుట్టించుట నేర్చినది.

వీజిల్, సముద్రపు నీటికుక్క – బరువులో వెయ్యి రెట్ల దూరమున నున్న ఈ రెండును తమ బరువునకు మించిన ఆకలితో జీవించుటకు కారణములు వేరు. మొదటిది ఆకారము వలన వేడిని పోగొట్టుకొనుచున్నది. రెండవది నివాసము వలన. రెండింటిలోను ఆ నష్టమును భర్తీచేయునది ఎడతెగక తినుటయే.

మన ఉప్పుటేరులలో

కాకినాడ సమీపమునందలి కోరింగ మడ అడవులలోను, కృష్ణా ముఖద్వారపు కాలువలలోను తిరుగు నునుపైన రోమముల నీటికుక్క 7 నుండి 11 కిలోల బరువు గలది. ఇక్కడి నీరు పసిఫిక్ నీటివలె గడ్డకట్టించునది కాదు గనుక దాని రోమము పొట్టిగా, దేహమునకు అంటుకొని యుండును. అయినను గోరువెచ్చని నీరు సైతము దాని దేహముకంటె పలు డిగ్రీలు చల్లనిదే. అది మునిగినంతసేపు వేడి పోవుచునే యుండును. చేపలు పట్టిన పిమ్మట గుంపుగా గట్టెక్కి, ఇసుకలోను గడ్డిలోను పొర్లి, రోమములను ఆరబెట్టుకొనుట దాని అలవాటు. స్కాట్లండుకు ఉత్తరముననున్న షెట్‌లండ్ ద్వీపములలో వేరొక నీటికుక్కను చిరకాలము పరిశీలించిన హాన్స్ క్రూక్, అక్కడివి ఉప్పునీటిలో వేటాడిన పిమ్మట రోమములలోని ఉప్పును మంచినీటి మడుగులలో కడుగుకొనుననియు, లేనిచో ఆ రోమము వేడిని నిలుపు గుణమును కోల్పోవుననియు వ్రాసెను.

ఇంతటి వ్యయము గల జంతువునకు చేప తక్కువైన ఋతువు మిక్కిలి కఠినమైనది. బాడ్జర్ వలె బొరియలో పరుండి దేహోష్ణమును దించుకొని కాలము గడుపుట దానికి తెలియదు. ఆకలి తగ్గించుకొనుటకు మార్గము లేదు. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు ఆశ్రయమైన మడచెట్లు నరకబడి కాలువలో చేప తరిగినప్పుడు, నీటికుక్క చేపలున్న మరొక కాలువకు గుంపుతో తరలిపోవును. అట్టి కాలువ చేరువలో లేనిచో జాలరి వలలో పడిన చేపను పట్టుటకు వచ్చును, వలను కొరుకును, జాలరి కోపమునకు గురియగును.